కథా సంకలనం వేసేముందు అనుమతి పత్రాలు: ఎవరిని అడగాలి, ఏం రాయించుకోవాలి

సంకలనం వేసేవాళ్లు చాలామంది డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం) అంతా అయ్యాక అనుమతుల సంగతి తలుచుకుంటారు. అప్పుడు ఒక్కరు కాదన్నా పేజీల లెక్క మారుతుంది, ముందుమాట తిరగరాయాలి. కథల జాబితా ఖాయం కాగానే, టైపింగుకు ఇవ్వకముందే ఉత్తరాలు వెళ్లాలి.

ఏ కథకు అనుమతి అక్కర్లేదో ముందు తేల్చుకోండి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు; ఆయన బతికుండగా అచ్చయిన కథలు 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. చలం పోయింది 1979లో. 2039 డిసెంబరు 31 దాకా అడిగి తీరాలి. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచనకు ఆ ప్రచురణ మరుసటి ఏడాది నుంచి లెక్క. కథ హక్కుల గడువు తీరినంత మాత్రాన పక్కనున్న బొమ్మ మీదవి తీరిపోవు. బాపు 2014లో పోయారు, ఆయన బొమ్మలకు 2074 చివరిదాకా రక్షణ ఉంది. అనువాద కథకైతే మూల రచయిత లెక్క వేరు, అనువాదకుడి లెక్క వేరు.

పత్రికలో వచ్చింది కదా అని పత్రికవాళ్లను అడిగితే చాలదు. బయటి రచయిత పంపిన కథకు, హక్కులు రాసివ్వకపోయి ఉంటే, పుస్తక హక్కు రచయితదే. తర్వాత వచ్చిన ఆ రచయిత కథల సంపుటి దొరికితే, 'ప్రథమ ముద్రణ' అని ఉండే పేజీలో హక్కులు ఎవరివని వేశారో చూడండి. రచయిత లేకపోతే వీలునామా అడగండి. అదీ లేకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. ఎవరెవరున్నారో తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో సరిచూసుకోవచ్చు. పెద్దబ్బాయి ఫోన్లో "వేసుకోండి బాబూ" అన్నారని ప్రెస్సుకు పంపితే, పుస్తకం వచ్చాక అమెరికాలో ఉన్న చెల్లెలు అభ్యంతరం చెప్పొచ్చు. కాపీరైటు చట్టం అడిగేది రాసి ఇచ్చిన కాగితం.

ఆ కాగితం ఇలా ఉంటే చాలు:

"ఫలానా పత్రికలో ఫలానా నెల, సంవత్సరంలో అచ్చయిన ఫలానా కథను మీ సంకలనంలో, తెలుగులో, అచ్చు పుస్తకంగానూ ఈబుక్‌గానూ, ప్రపంచమంతటా, పదేళ్లపాటు, 1,000 అచ్చు ప్రతుల వరకు ప్రచురించుకోవడానికి అనుమతిస్తున్నాను. ఇతరులకు ఇచ్చే హక్కు నాకే ఉంటుంది. ప్రతిఫలం ఇన్ని రూపాయలు, రెండు ప్రతులు. ఈ తేదీ నుంచి మూడేళ్లలో పుస్తకం రాకపోతే అనుమతి రద్దవుతుంది."

ఇందులో ఒక్క మాటా ఊరికే లేదు. గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లుగానే లెక్కేస్తుంది. ఏయే దేశాల్లో వేసుకోవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. డల్లాస్‌లో తెలుగువాళ్లు కొనుక్కునే ఈబుక్ అందులోకి రాదు. చాలామందికి తెలియక దెబ్బతినేది చివరి వాక్యం దగ్గర: వేరే గడువు రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని అనుమతి దానంతటదే పోతుంది. ఇరవై మంది రచయితల సంకలనం ఏడాదిలో తేలడం అరుదు, అందుకే మూడేళ్లు. ఆడియో కావాలంటే విడిగా రాయించుకోండి.

అనుమతి వచ్చిందని కథలో యాస సరిదిద్దొద్దు, చివరి పేరా కత్తిరించొద్దు. రచనను పాడుచేశారని ఆక్షేపించే హక్కు, హక్కులు అమ్మేసుకున్న రచయితకు కూడా మిగిలే ఉంటుంది. అచ్చుతప్పు దిద్దితే ఫరవాలేదు, అంతకుమించితే అడగండి.

హక్కుదారు ఎంత వెతికినా దొరకకపోతే, "ప్రయత్నించాం, దొరకలేదు" అని ముందుపేజీలో వేయడం రక్షణ కాదు. చట్టంలోని 31ఎ సెక్షన్ కింద, దేశంలో ఎక్కువ ప్రాంతాలకు వెళ్లే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన ఇచ్చి, కమర్షియల్ కోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. ఒక్క కథ కోసం ఆ ఖర్చు చిన్న ప్రచురణకర్త మోయలేడు. మనసుకు కష్టమైనా ఆ కథ వదిలేయడమే మేలు.

జవాబు రాని ఉత్తరాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. మూడు వారాలు చూసి మళ్లీ రాయండి. వచ్చిన ప్రతి పత్రానికీ ఆ కథ తొలి పేజీ జిరాక్సు పిన్ను చేసి పెట్టండి. ఒకే శీర్షికతో ఇద్దరు వేర్వేరుగా రాసిన కథలు తెలుగులో ఉన్నాయి, అనుమతి దేనికో అప్పుడు ఆ పేజీయే చెబుతుంది.