పిల్లికి షుగర్ పడిపోతే వెంటనే ఏం చేయాలి

ఇన్సులిన్ వేశాక పిల్లి తూలుతూ నడుస్తున్నా, నీరసంగా పడిపోయినా, చొంగ కారుస్తున్నా షుగర్ పడిపోయిందేమో అనుకోవాలి. షుగర్ చూసే మీటర్‌లో 60 (mg/dL) కన్నా తక్కువుంటే ఇక అనుమానమే లేదు, మీటర్ లేకపోయినా ఆగొద్దు. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే తేనె గానీ, కాసిని నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గానీ వేలికి రాసుకుని, పెదవి పైకెత్తి చిగుళ్ల మీద రుద్దాలి, అంతేగానీ నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే వేలు పళ్ల మధ్యకు పోనివ్వకండి, గట్టిగా కొరికేస్తుంది!

తేరుకోగానే తిండి పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చెప్పేదాకా తర్వాతి ఇన్సులిన్ వేయొద్దు. సిరంజి కూడా చూపించండి: యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే) ఇన్సులిన్‌ని యూ-40 (మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం గీతలు గీసిన) సిరంజిలో అదే యూనిట్ల గీత దాకా లాగితే 2.5 రెట్ల డోసు పడుతుంది.