డేటా ప్రైవసీ పాఠం హాల్‌టికెట్‌తో మొదలుపెట్టండి

డేటా ప్రైవసీ అనగానే చాలామంది లెక్చరర్లం 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం తెరిచి సెక్షన్లు చదివేస్తాం. పిల్లలకు అది తమ సంగతి అనిపించదు. చట్టాన్ని చివరికి ఉంచండి.

ముందుగా బోర్డు మీద ఒక ఉత్తుత్తి హాల్‌టికెట్ నంబరు రాయండి. జేఎన్‌టీయూ పద్ధతిలో అయితే 22, పక్కన కాలేజీ కోడ్, తర్వాత 5ఏ, 04, చివర 17. ఇదెవరని అడగండి. విప్పే పని పిల్లలే చేస్తారు: 2022లో చేరారు, ఫలానా కాలేజీ, 5ఏ కాబట్టి డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చారు, 04 అంటే ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్. పేరూ లేదు, ఫొటో లేదు. అయినా ఆ సెక్షన్‌లో లేటరల్ ఎంట్రీవాళ్లు ముగ్గురే ఉంటే మనిషి దొరికినట్టే. మార్కుల లిస్టులో పేర్లు తీసేసి, నంబర్లు ఉంచి, వాట్సాప్ గ్రూపులో పెడితే ఏమవుతుందో ఇక మీరు చెప్పక్కర్లేదు.

ఇక్కడే లతాన్యా స్వీనీ గురించి చెప్పండి. 1990లలో ఆమె ఎంఐటీలో విద్యార్థిని. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. ఆమె 20 డాలర్లకు ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, జెండర్, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ పోల్చి చూసి, స్వయంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డునే పట్టుకున్నారు.

తర్వాత ఇదే పని క్లాసులో చేయించండి. కల్పిత వివరాలు రాసిన చీటీలు పంచి, పుట్టిన నెల, ఊరు, జెండర్ ఒక్కొక్కటే చెబుతూ సరిపోనివాళ్లను కూర్చోబెట్టండి. చివరికి ఒక్కరు మిగులుతారు. పిల్లల అసలు వివరాలు మాత్రం వాడొద్దు. ప్రైవసీ పాఠం కోసం వాళ్ల ప్రైవసీ తీయకూడదు.

మూడోది జిరాక్స్ షాపు. ఒకసారి ప్రింట్ కోసం నిలబడితే ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచే ఉంది. ఎవరెవరివో ఆధార్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, నెలల నాటివి. నాకు చాలా బాధేసింది. ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ సైట్‌లో చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. దాన్ని క్లాసులోనే డౌన్‌లోడ్ చేయించండి. ప్రింట్ అయ్యాక ఫైలు తమ ముందే డిలీట్ చేయమని అడగడం కూడా నేర్పండి, మొహమాటపడతారు కాబట్టి.

ఇప్పుడు చట్టం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023 చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు పిల్లలే, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఫస్టియర్‌లో 17 ఏళ్లవాళ్లు ఉంటారు కాబట్టి అక్కడ చర్చ దానంతటదే లేస్తుంది.

చివరిగా అసైన్‌మెంట్. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ ఫారమో, హాస్టల్ దరఖాస్తో తెచ్చి, అవసరం లేని గడులు కొట్టేసి, ఎందుకో పక్కన రాయమనండి. డాన్స్ పోటీకి నాన్నగారి వార్షికాదాయం ఎందుకు? కొట్టేసిన ఫారాన్ని పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లి, మార్చమని అడగండి.