పెద్ద మోడల్ ట్యాంకుకి చక్రాలు, చైను లింకులు ఇంట్లోనే పోత పోసుకోవడం

ముందు ఏది పోత పోయాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోండి. ఒకే వస్తువు నాలుగుకి మించి కావాలంటేనే నేను అచ్చు జోలికి వెళ్తాను. హల్ (ట్యాంకు ఒళ్ళు), టరెట్ (పైన తిరిగే ఫిరంగి గూడు) ఒక్కొక్కటే కాబట్టి ప్లైవుడ్‌తోనో సన్‌బోర్డుతోనో నేరుగా కట్టేస్తాను. చక్రాలు, చైను లింకులు, పైన బిగించే టూల్ బాక్సులు, బోల్టు తలకాయలు, ఇవీ అచ్చుకి తగినవి.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ప్యాటర్న్ షాపులో, అంటే పోతలకి మూల నమూనాలు చెక్కే చోట, పని నేర్చుకున్నవాణ్ణి. ఇసుక అచ్చులో ఇనుము పోసే పనికీ, సిలికాన్ (సాగే రబ్బరు లాంటిది) అచ్చులో రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోసే పనికీ తేడా వేడిలోనే ఉంది, బుద్ధి ఒకటే. మా పై ఫ్లోరు అబ్బాయి అడిగాడు, "అంకుల్, చక్రాలన్నీ త్రీడీ ప్రింటర్‌లో తీసేస్తే అయిపోద్ది కదా?" అని. "ఒక్కటి తియ్యి నాన్నా. దాన్ని బాగా రుద్ది ఇవ్వు, మిగతావి నేను పోస్తా" అన్నాను. ఇరవై ప్రింట్ల మీద గీతలు రుద్దుకుంటూ కూర్చోవడం కంటే ఒక్కదాన్నే అద్దంలా రుద్దుకోవడం సుఖం.

ఉదాహరణకి సోవియట్ ట్యాంకు టీ-55 తీసుకుందాం, ఎనిమిదో వంతు స్కేలులో. అసలు చక్రం వ్యాసం 810 మిల్లీమీటర్లు, అంటే మనకి 101. పక్కకి ఐదు చక్రాలు, ఒక్కో చక్రానికి రెండు డిస్కులు, మొత్తం 20. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఖాళీ మిగతా వాటి మధ్య కంటే ఎక్కువ ఉంటుంది, హల్‌కి రంధ్రాలు వేసేటప్పుడు మర్చిపోకండి. పైన చైను మోసే చిన్న రోలర్లు దీనికి లేవు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ బండి, సైనికుల్ని మోసే బీఎంపీ-2 చెయ్యాలనుకుంటే పక్కకి ఆరు చక్రాలు, పైన చిన్న రోలర్లు కూడా చేసుకోవాలి. పద్ధతి మాత్రం ఇదే.

మాస్టర్ కోసం, అంటే అచ్చు తీయడానికి చేసే మొదటి నమూనా కోసం, 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క తీసుకోండి, బోర్ల పైపులమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. అది చక్రం అంచు. చుట్టూ మిగిలిన ఐదారు మిల్లీమీటర్లు తర్వాత రబ్బరు పట్టీతో వస్తాయి. లోపల డిస్కుకి యాక్రిలిక్ షీటు. నక్షత్రంలా పొడుచుకొచ్చే పట్టీలు ఒక్కొక్కటీ చెక్కితే ఏ రెండూ ఒకలా రావు. అందుకే ఒక్క పట్టీని చక్కగా చెక్కి, దానికి చిన్న అచ్చు తీసి, కావలసినన్ని పోసి డిస్కు మీద అతికించండి. నిలువుగా ఉన్న ప్రతి గోడకీ కొంచెం వాలు ఇవ్వండి, ఒకటి రెండు డిగ్రీలు చాలు. ప్యాటర్న్ షాపులో దీన్ని డ్రాఫ్ట్ అంటారు. సిలికాన్ సాగుతుంది కదా, డ్రాఫ్ట్ లేకపోయినా వచ్చేస్తుందని చాలామంది వదిలేస్తారు. రావడం వస్తుంది, కానీ ప్రతిసారీ అచ్చు పెదవి కొంచెం చిరుగుతూ పోతుంది.

ప్రైమర్ కొట్టి, నీళ్ళ పేపరుతో 800 దాకా రుద్ది, వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. అక్కడ కనిపించే గీత 20 చక్రాల మీదా కనిపిస్తుంది. నా సమయంలో సగానికి పైగా ఈ ఒక్క ముక్క మీదే పోతుంది, పోవాలి కూడా.

సిలికాన్ రెండు రకాలు. టిన్ రకం చవక, పెద్దగా పేచీ పెట్టదు, కానీ గట్టిపడ్డాక వందకి అర వంతు వరకు కుంచించుకుపోతుంది. ప్లాటినం రకం దాదాపు కుంచించుకుపోదు. కానీ గంధకం ఉన్న క్లే తగిలినా, రబ్బరు పాల గ్లవ్స్ తగిలినా, సరిగ్గా ఎండని రెజిన్ ప్రింట్ తగిలినా ఆ చోట జిగురుగా ఉండిపోతుంది, ఎన్నాళ్ళయినా గట్టిపడదు. చక్రాలకి టిన్ రకం చాలు. అన్నీ సమానంగా చిన్నవవుతాయి కాబట్టి కంటికి తెలియదు. ధూల్‌పేటలో గణపతులకి వాడే రబ్బరు అచ్చుల గురించి కూడా అడుగుతుంటారు. పెద్ద వంపుల బొమ్మకి, పీఓపీకి అవి బాగుంటాయి. గుండ్రంగా తిరగాల్సిన చక్రానికి మాత్రం వద్దు, ఆకారం నిలవదు.

సిలికాన్‌కి పెట్టె కట్టనవసరం లేదు. డిస్కు వెనక వైపు చదును, రెండు డిస్కులు కలిశాక అది కనిపించదు కూడా. కాబట్టి పైన తెరిచి ఉన్న ఒకే ముక్క అచ్చు సరిపోతుంది. 110 మిల్లీమీటర్ల పైపు నుంచి రెండున్నర సెంటీమీటర్ల రింగు కోసి, ఒక పక్క హ్యాక్సాతో నిలువునా చీల్చి, టేపు చుట్టండి. మాస్టర్‌ని గాజు పలక మీద బోర్లా కాకుండా, ముఖం పైకి ఉండేలా అతికించి, చుట్టూ ఈ రింగు పెట్టి, అడుగున సందుల్ని గ్లూ గన్‌తో మూసేయండి. చుట్టూ ఏడు మిల్లీమీటర్ల గోడ వస్తుంది. చదరపు పెట్టె అయితే మూడు వందల గ్రాముల దాకా తాగే సిలికాన్, ఇక్కడ నూట యాభైతో అయిపోతుంది. తర్వాత రెజిన్ పోసేటప్పుడు కూడా అచ్చుని అదే రింగులో ఉంచండి, గుండ్రం పోదు.

హార్డ్‌నర్‌ని (కలిపితే గట్టిపరిచే ద్రవాన్ని) కంటి అంచనాతో వెయ్యకండి. దశాంశం చూపే చిన్న కాటా కొనుక్కుని, డబ్బా మీద రాసిన శాతాన్ని తూచి వెయ్యండి. కలిపాక రెండో కప్పులోకి వంపి మళ్ళీ కలపండి, మొదటి కప్పు గోడలకి అంటుకున్నది ఎప్పుడూ సరిగ్గా కలవదు. ముందు బ్రష్‌తో మాస్టర్ మీద పల్చగా పూసి, మూలమూలల్లోకి తోసి, ఆ తర్వాత మిగిలింది కాస్త ఎత్తు నుంచి తీగపాకంలా సన్నటి ధారగా ఒకే మూలలో పోయండి. అదే పాకుతూ వెళ్ళి, గాలిని ముందుకు నెట్టుకుంటూ మాస్టర్‌ని ముంచుతుంది. నడినెత్తిన పోస్తే పట్టీల కింద గాలి చిక్కుకుంటుంది, ఆ గాలి బుడగ తర్వాత ప్రతి చక్రం మీదా మొటిమై కూర్చుంటుంది.

మన ఊళ్ళో కాలాన్ని బట్టి పని పెట్టుకోవాలి. టిన్ సిలికాన్ గట్టిపడటానికి గాల్లో తేమ కావాలి, వానాకాలంలో బ్రహ్మాండంగా పని చేస్తుంది. మనం చక్రాలకి పోసే పాలీయురేథేన్ రెజిన్‌కి అదే తేమ శత్రువు. దాని హార్డ్‌నర్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, చక్రం బన్ను ముక్కలా నురగ కక్కుతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో అచ్చులు తీసి పెట్టుకుంటాను, పోతలు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పోస్తాను. ఏప్రిల్, మేలో కూడా పొడిగానే ఉంటుంది కానీ, డబ్బా మీద ఐదు నిమిషాలని రాసిన రెజిన్ నలభై డిగ్రీల ఎండలో కప్పులోనే చిక్కబడిపోతుంది. అప్పుడు డబ్బాల్ని ఏసీ గదిలో ఉంచి, తెల్లవారుజామున పోయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే చెమట పడుతుంది, మళ్ళీ తేమ గొడవే.

ఎంత రెజిన్ కలపాలో తెలియాలంటే అచ్చులో నీళ్ళు పోసి కొలవొద్దు. రాగులు నింపి, కొలకప్పులోకి వంపి చూసుకుని, అచ్చుని బ్రష్‌తో దులిపేయండి. పోసే ముందు టాల్కం పౌడర్ చల్లి తట్టి రాల్చేస్తే రెజిన్ సన్నటి మూలల్లోకి చక్కగా జారుతుంది. ఫైబర్ షాపుల్లో దొరికే పాలిస్టర్ రెజిన్ చవకే కానీ బాగా కుంచించుకుపోతుంది, వాసన ఇల్లంతా పడుతుంది, అచ్చునీ త్వరగా తినేస్తుంది. అయినా అదే వాడతానంటే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: దాని హార్డ్‌నర్‌నీ, కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది. ఏ రెజిన్ అయినా నైట్రైల్ గ్లవ్స్, కార్ట్రిడ్జ్ మాస్కు ఉండాల్సిందే. వంటింట్లో ఈ పని వద్దు. బుడగలు నొక్కడానికి ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌ని సవరించి వాడాలన్న ఆలోచనే రానివ్వకండి. దాని మూత, వాల్వు అలాంటి పనికి చేసినవి కావు.

ఈ సైజు ట్యాంకు బరువు పదుల కిలోల్లోకి వెళ్తుంది. ఆ బరువంతా చక్రం మధ్య రంధ్రం మీదే పడుతుంది. ఉత్త రెజిన్ రంధ్రంలో ఇరుసు తిరిగితే నాలుగు రోజులకే కోడిగుడ్డు ఆకారం వచ్చేస్తుంది. రాణిగంజ్‌లో 608 బేరింగులు అడగండి: బయటి వ్యాసం 22, లోపలి రంధ్రం 8, వెడల్పు 7 మిల్లీమీటర్లు. బేరింగునే అచ్చులో పెట్టి పోస్తే రెజిన్ గోలీల్లోకి పోతుంది. లేత్ షాపులో అదే కొలతకి నైలాన్ డమ్మీ తిప్పించుకుని, మైనం పూసి, అచ్చు మధ్యలో నిలబెట్టి పోయండి. గట్టిపడ్డాక డమ్మీని తట్టి తీసేసి బేరింగు నొక్కితే సరి. రెజిన్ కుంచించుకుని బిగుతైతే సుత్తితో కొట్టకుండా, పేపరు చుట్టిన కడ్డీతో నెమ్మదిగా రుద్దండి.

చైను లింకుకి రెండు ముక్కల అచ్చు కావాలి. లింకుని సగం దాకా క్లేలో పూడ్చి (గంధకం లేని క్లే అయితే మేలు), రెండు సగాలూ సరిగ్గా కూర్చునేలా చుట్టూ గోలీతో నొక్కి గుంటలు చేసి, మొదటి సగం పోయండి. క్లే తీసేసి, సిలికాన్ మీద వ్యాజ్‌లీన్ పల్చగా రాసి, రెండో సగం పోయండి. వ్యాజ్‌లీన్ మరిస్తే రెండూ ఒకటే ముద్దవుతాయి, కత్తి తప్ప దారి లేదు. పిన్ను రంధ్రాల కోసం 3 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీలు మైనం రాసి అచ్చులోనే ఉంచి, రెజిన్ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే తిప్పుతూ లాగేయాలి. తర్వాత డ్రిల్లు వేద్దామనుకుంటే రంధ్రం ఎక్కడో చోట పక్కకి పోతుంది. ఒక్కో లింకులో పాయింట్ ఒకటి మిల్లీమీటరు తేడా వచ్చినా, తొంభై లింకులకి అది తొమ్మిది మిల్లీమీటర్లు.

మోటారు పెట్టి నడిపే ట్యాంకుకి నేను రెజిన్ లింకులు వెయ్యను. పిన్ను చెవుల దగ్గర విరుగుతాయి. దానికి ఇదే మాస్టర్‌ని, అల్యూమినియం కుంచింపుకి ఒకటింపావు శాతం పెంచి మళ్ళీ చేసి, ఇసుక అచ్చు ఫౌండ్రీకి ఇస్తాను. షోకేసులో నిలబెట్టే బండికి రెజిన్ చాలు.

పోత తీశాక వెంటనే రంగు పట్టించకండి. డిష్‌వాష్ సబ్బుతో పాత బ్రష్ పెట్టి కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టండి. రుద్దేటప్పుడు తడిపి రుద్దితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోదు. అచ్చుల్ని రింగులతో సహా చదునుగా, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా దాచండి. మిగిలిన రెజిన్ డబ్బాల మూతల చుట్టూ టేపు బిగించి, తేదీ రాసి, గోదామ్‌లో కాకుండా ఇంటి లోపల అల్మరా కింది అరలో పెట్టండి.