పాత చెక్కుడు చిత్తరువు చేతికొస్తే ముఖం చివర చూడండి

ఫొటోలు లేని కాలంలో ఒక రాజు ముఖం పదిమందికీ తెలియాలంటే రాగిరేకు మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, కాగితం మీద అచ్చు తీయాలి. ఐరోపాలో అలా తయారైన చిత్తరువులు పాత పుస్తకాల దుకాణాల్లో, ఆన్‌లైన్ వేలాల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటి పక్కనే నకళ్లూ ఉంటాయి. తేడా పట్టుకోవడానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కిటికీ వెలుతురు చాలు. అందరూ మొదట ముఖం చూసి మోసపోతారు.

మొదట కాగితం. చట్రం నుంచి బయటికి తీయించండి, అద్దం మీదుగా చూసి ఏమీ తేల్చలేం. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పాత చేతి కాగితం తీగల అచ్చులో తయారయ్యేది కాబట్టి అందులో దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా సుమారు 25 మి.మీ. ఎడంతో మరికొన్ని గీతలు కనిపిస్తాయి. ఈ గీతలు లేని కాగితాన్ని ఇంగ్లండ్‌లో పుస్తకం అచ్చుకు వాడడం మొదలైంది 1757లో. 1650 నాటిదంటూ అమ్మే అచ్చు అలాంటి కాగితం మీద ఉంటే, రేకు పాతదే కావచ్చు గానీ అచ్చు మాత్రం తర్వాత తీసిందే.

తర్వాత అంచు. తడి కాగితాన్ని రేకు మీద పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కేవారు. అందుకే చిత్రం చుట్టూ రేకు ఆకారంలో చిన్న పల్లం పడుతుంది, వేలికి తెలుస్తుంది. అది లేనంత మాత్రాన నకలు అనేయకండి. 1769లో జేమ్స్ గ్రేంజర్ ఇంగ్లండ్ ప్రముఖుల చరిత్రను చిత్తరువుల జాబితాతో కలిపి ప్రచురించాక, ఇతర పుస్తకాల్లోంచి బొమ్మలు అంచులు పోయేలా కత్తిరించి సొంత ప్రతిలో అంటించుకోవడం ఒక పిచ్చిగా మారింది. ఆ కత్తెరకు ఎన్ని మంచి పుస్తకాలు బోసిపోయాయో!

ఇప్పుడు భూతద్దం. ఈ పనికి తీరిగ్గా కూర్చోండి. ఉక్కు పనిముట్టుతో చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడి ముగుస్తుంది. సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. గీతలే లేకుండా మఖ్మల్ లాంటి నలుపు కనిపిస్తే అది మెజోటింట్ కావచ్చు: రేకంతా పళ్ల పనిముట్టుతో గరుకు చేసి, వెలుగు కావలసిన చోట గీకి నున్నగా చేసే పద్ధతి. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ మొదలుపెట్టిన ఈ పని ఇంగ్లండ్‌లో ఎంత వేళ్లూనుకుందంటే, ఫ్రెంచివారు దాన్ని ‘ఇంగ్లిష్ పద్ధతి’ అనేవారు. చుక్కలు కనిపిస్తే తొందరపడకండి. చుక్కలతోనే చెక్కిన చిత్తరువులూ ఉన్నాయి, వాటి చుక్కలు చేతిపని కాబట్టి చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. గళ్ల కాగితం మీద పెట్టినట్టు వరుస తప్పని చుక్కలైతే అది యంత్రం పని, పక్కన పెట్టేయండి.

కింద చెక్కిన లాటిన్ మాటలు కూడబలుక్కుని చదవండి. ‘పింక్సిట్’ పక్కన ఉన్న పేరు చిత్రకారుడిది, ‘స్కల్ప్‌సిట్’ పక్కనిది చెక్కినవాడిది, ‘ఎక్స్‌కూడిట్’ పక్కనిది ప్రచురణకర్తది. విలియం హోగార్త్ వంటి చెక్కుడు కళాకారుల పట్టుదలతో, బొమ్మలను అనుమతి లేకుండా నకలు చేయకుండా ఆపే చట్టం 1735లో ఇంగ్లండ్‌లో వచ్చాక రేకు మీద ప్రచురణ తేదీ కూడా వేసేవారు. అది ఆ బొమ్మను ప్రచురించిన తేదీ. మీ చేతిలోని అచ్చు ఎన్నో ఏళ్ల తర్వాత తీసినదైనా అదే తేదీ ఉండొచ్చు.

ముఖం ఎందుకు చివర అంటారా? పియర్ లోంబార్ అనే ఫ్రెంచి చెక్కుడు కళాకారుడు 17వ శతాబ్దంలో గుర్రపు రౌతును చెక్కిన రేకు ఒకటి ఉంది. అదే రేకు మీద ఒకసారి, ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ను ఓడించి దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ తల ఉంది, దాన్ని చెరిపేశాక ఆ చార్లెస్ రాజు తలే వచ్చింది. మధ్యలో తలే లేని అచ్చులు కూడా తీశారు! గుర్రం మాత్రం అదే. కాబట్టి కొనే ముందు బ్రిటిష్ మ్యూజియం, లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వెబ్‌సైట్లలో అదే చిత్తరువును వెతికి, గీత పక్కన గీత పెట్టి పోల్చండి. ముఖ్యంగా మెడ దగ్గర.