పాత ఫ్రెంచ్ ఆపరెట్టా (పాటలతో సాగే సరదా నాటకం) సింగర్ కెరీర్ రాయాలంటే ఇలా మొదలెట్టండి

చాలామంది ముందు ప్రేమకథల మీద పడిపోతారు, అది పక్కన పెట్టండి. ఏ తారీఖు, ఏ థియేటర్, ఏ పాత్ర, ఈ మూడూ ఒక టేబుల్ వేసుకుంటే మిగతా కథల్లో ఏది నిలబడుతుందో ఏది గాలికబురో అదే తేలిపోతుంది.

ఆపరెట్టాలకి సంగీతం కట్టిన ఆఫెన్‌బాక్ హీరోయిన్ ఓర్తాన్స్ ష్నైడర్‌నే తీసుకోండి. 1833లో బోర్డోలో పుట్టింది, 1855లో పారిస్‌లో ఆఫెన్‌బాక్ కంపెనీలో చేరింది, అసలు వైభవమంతా తర్వాత వారియెతే థియేటర్లోనే, 1864లో లా బెల్ ఎలెన్, 1867లో గ్రాండ్ డచెస్, 1868లో లా పెరికోల్ అనే ఆపరెట్టాలు.

ఈ తేదీలు పట్టుకుని ఫ్రాన్స్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ గాలికా సైట్‌కి వెళ్ళండి, ఫ్రీనే, పాత పేపర్లు బోలెడు ఉంటాయి. ఇక్కడో తిరకాసు ఉంది. 1867లో ఉత్త ష్నైడర్ అని కొడితే యూజీన్ ష్నైడర్ వచ్చి పడతాడు, ఆయన క్రూజో ఇనుప ఫ్యాక్టరీల ఓనరు, పైగా అప్పటి పార్లమెంట్ ప్రెసిడెంట్, ఆయన పేరు లేని రోజుండదు! అందుకే ముందు మదమ్వాజెల్ (కుమారి) అనే మాటకి పేపర్లో వాడే పొట్టి రూపం Mlle, పక్కన థియేటర్ పేరు కలిపి వెతకండి. ప్రీమియర్ మర్నాడు రివ్యూ లేదని వదిలేయొద్దు, పెద్ద క్రిటిక్కులు చాలామంది వారానికోసారి, ఎక్కువగా సోమవారం రాసేవాళ్ళు, కాబట్టి ఓ పది రోజులు ముందుకెళ్ళి చూడండి. ఏ పాత్ర ఎవరు మొదట చేశారో డౌటొస్తే పియానో స్కోర్ (పాటల్ని పియానోకి అచ్చేసిన స్వరాల పుస్తకం) మొదటి పేజీల్లో తారాగణం లిస్టు చూడండి, చాలావాటిలో ఉంటుంది.

పుట్టిన రికార్డులు జిల్లా ఆర్కైవ్స్ సైట్లలో దొరుకుతాయి, పదేళ్ళకో ఇండెక్స్ ఉంటుంది. మీ సింగర్ 1860కి ముందు పారిస్‌లో పుట్టి ఉంటే మాత్రం కష్టమే, 1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు మంటల్లో ఆ రిజిస్టర్లు తగలబడ్డాయి, తర్వాత కొంతవరకే మళ్ళీ రాయించారు.

ఇక గాసిప్. 1867 పారిస్ ఎగ్జిబిషన్‌లో రాజులకి మాత్రమే ఉన్న గేటు దగ్గర ఓర్తాన్స్ తన పాత్ర పేరే వాడి "నేను గెరోల్‌స్టైన్ గ్రాండ్ డచెస్‌ని" అని చెప్పి దర్జాగా లోపలికెళ్ళిందట. కథ సూపర్, నేనైతే తీసేయమనను, కాకపోతే ఆ ఏడాది పేపర్లో కనిపించేదాకా "అట" అనే రాయండి.

గొంతు ఎలా ఉండేదో వినే దారి లేదు, గ్రామఫోన్ రికార్డులు మార్కెట్లోకి రాకముందే 1880ల మొదట్లో స్టేజ్ మానేసింది. అందుకే ఆమె కోసం రాసిన పాటల స్కోర్లు తీసి స్వరం ఎంత పైకి వెళ్తుందో, ఎంత కిందికి దిగుతుందో మీరే నోట్ చేసుకోండి.