పిల్లికి ఎఫ్‌ఐపీ ముదిరిందా? గుర్తుపట్టడం, వైద్యం చేయించడం ఎలా?

"తిండి ముట్టట్లేదు గానీ పొట్ట మాత్రం పెరుగుతోంది. కడుపుతో ఉందేమో?" విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లుల్ని పెంచుకునే ఇళ్లలో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అదే మగపిల్లి అయితే పురుగులు పడ్డాయని నులిపురుగుల మందు పోస్తారు. ఒక్కోసారి ఆ రెండూ నిజమే. కానీ రెండేళ్లలోపు పిల్లి, అందులోనూ కొన్న పర్షియన్ పిల్లో, నాలుగైదు పిల్లులున్న ఇంట్లోంచి తెచ్చిన పిల్లో అయితే ఇంకో జబ్బును అనుమానించాలి. దాని పేరు ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్, పొట్టిగా ఎఫ్‌ఐపీ. వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బులో చాలాసార్లు పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరుతుంది.

2019కి ముందు ఈ పేరు వినగానే పిల్లి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇప్పుడు పరిస్థితి అది కాదు. సరైన యాంటీవైరల్ మందు (వైరస్‌ని అణిచేది), సరైన డోసులో, వేళ తప్పకుండా పడితే పదింటిలో ఎనిమిదికి పైగా బతుకుతున్నాయి. మందు వాడినా పోయేవి ఎక్కువగా మొదటి వారంలోనే పోతాయి, అంటే ఆలస్యంగా తెచ్చినవి. కాబట్టి జబ్బు ముదిరిందని తెలిశాక రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేయకూడదు.

ముందుగా ఊపిరి లెక్కపెట్టండి

పొట్టలో నీరు కంటితో చూస్తే తెలిసిపోతుంది. ఛాతీలో చేరిన నీరు కనిపించదు, ప్రాణం తీసేది అదే. పిల్లి నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పక్కటెముకల దగ్గర ఒళ్లు ఎన్నిసార్లు పైకి లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. మామూలుగా 30 దాటదు. 40 దాటినా, మెడ ముందుకు చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చున్నా, నోరు తెరిచి రొప్పుతున్నా ఇక ఇంట్లో చూసేదేమీ లేదు. వెంటనే బయల్దేరాలి. పొట్ట నొక్కి చూడొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. గాలి ఆడే బుట్టలో పెట్టి, అదిమి పట్టుకోకుండా తీసుకెళ్లండి. ఛాతీ నీరు డాక్టర్ సూదితో తీస్తే చాలాసార్లు అప్పటికప్పుడే ఊపిరి కుదుటపడుతుంది.

పొట్టలో నీటిని మాత్రం ఊరికే తీయరు. ఊపిరికి అడ్డం పడితేనే కాస్త తీస్తారు. అది ప్రొటీన్ నిండిన నీరు. మొత్తం తోడేస్తే పిల్లి ఇంకా నీరసపడుతుంది, రెండు రోజుల్లో మళ్లీ నిండుతుంది. "నీరు తీసేయండి డాక్టర్ గారూ" అని ఒత్తిడి చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒళ్లంతా తడిమి చూడండి

వెన్ను మీద చెయ్యి వేసి మెడ నుంచి తోక దాకా నెమ్మదిగా నిమరండి. కడుపుతో ఉన్న పిల్లికి ఒళ్లు కూడా పెరుగుతుంది. ఎఫ్‌ఐపీ పిల్లికి వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేలికి తగులుతాయి, పొట్ట మాత్రం రెండు పక్కలా నీటి సంచీలా వేలాడుతుంది. తర్వాత చెవి లోపలి చర్మం, పై పెదవి ఎత్తి చిగుళ్లు, కంట్లో తెల్లగుడ్డు పగటి వెలుతురులో చూడండి. పసుపు పచ్చగా ఉంటే పసిరికలు (కామెర్లు). తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది.

జ్వరం ఇంకో గుర్తు. పిల్లికి మామూలు వేడి 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్. ఎఫ్‌ఐపీలో 103, 104 దాకా పోతుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, యాంటీబయాటిక్ వేసినా లొంగదు. జబ్బు బాగా ముదిరాక ఇది తిరగబడుతుంది. వేడి 99 కంటే కిందికి పడిపోయి, కాళ్లు చల్లబడి, పిలిస్తే తల కూడా ఎత్తకపోతే అది షాక్. గోరువెచ్చటి నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీరు చేరకుండా వచ్చే రకం కూడా ఉంది. దాన్ని పొడి ఎఫ్‌ఐపీ అంటారు. అది దొంగది. నెలల తరబడి చిక్కిపోవడం, వచ్చిపోయే జ్వరం తప్ప ఏమీ కనిపించదు. ఒక రోజు నల్లగుడ్డు చుట్టూ రంగు మారుతుంది, కంట్లో మసక వస్తుంది. లేదా వెనక కాళ్లు తడబడతాయి, ఎప్పుడూ ఎక్కే గోడ ఎక్కలేక జారిపడుతుంది, ఫిట్స్ వస్తాయి. జబ్బు కంటికో మెదడుకో తగిలిందంటే మందు డోసు పెరుగుతుంది. కాబట్టి నడక తేడాగా ఉన్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. ఆసుపత్రి బల్ల మీద పిల్లి భయంతో ముడుచుకుపోతుంది, నడిచి చూపించదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఊళ్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో జ్వరం, పసిరికలు, ఊపిరి చూసి సెలైన్ ఎక్కిస్తారు. ఆ మొదటి సాయం తక్కువదేం కాదు. 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం. ఎఫ్‌ఐపీ మందు వాటిలో ఉంటుందని అనుకోవద్దు. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పిల్లుల స్కానింగ్ చేస్తున్నారా అని ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. లేదంటే విశాఖపట్నం. విజయనగరం నుంచి దగ్గరే గానీ పలాస, టెక్కలి నుంచి గంటల ప్రయాణం. ఎండలో బస్సు కంటే ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి పొద్దున్నే రైలు మేలు. బుట్ట మీద తడిబట్ట సగమే కప్పండి, గాలి ఆగకూడదు.

పరీక్షల్లో ఏం చూడాలి?

ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదిది. కొన్నిచోట్ల కరోనా యాంటీబాడీ కిట్ పెట్టి పాజిటివ్ వచ్చిందని ఎఫ్‌ఐపీ రాసేస్తారు. అది సరిపోదు. మామూలు ఫెలైన్ కరోనా వైరస్ (పిల్లులకి వచ్చే కరోనా) పిల్లుల పేగుల్లో చాలా సహజంగా ఉండేదే, మలం ద్వారా పాకుతుంది, చాలావాటికి కాస్త విరేచనం తప్ప ఏమీ చేయదు. కొద్ది పిల్లుల్లో మాత్రం అది లోపలే రూపం మార్చుకుని తెల్లరక్తకణాల్లోకి దూరి రక్తనాళాలను వాచేలా చేస్తుంది. అదే ఎఫ్‌ఐపీ. నాళాల్లోంచి కారిందే ఆ పొట్ట నీరు. మనుషుల కోవిడ్‌కీ దీనికీ సంబంధం లేదు, మనకి అంటదు.

రక్తపరీక్ష కాగితం చేతికొస్తే ఆల్బుమిన్, గ్లోబులిన్ అనే రెండు రక్త ప్రొటీన్ల నిష్పత్తి ఎంతుందో అడగండి. 0.4 కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది, 0.8 కంటే ఎక్కువుంటే ఎఫ్‌ఐపీ అయ్యే అవకాశం బాగా తక్కువ. బిలిరుబిన్ (పసిరికల్లో పెరిగే పసుపు పదార్థం) పెరగడం, లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) తగ్గడం, రక్తహీనత దానికి తోడవుతాయి.

నీరు దొరికితే సగం పని అయినట్టే. సూదిలోకి వచ్చిన నీరు ఎండుగడ్డి రంగులో, కాస్త జిగురుగా, వేళ్ల మధ్య తీగ సాగేలా ఉంటుంది. రివాల్టా పరీక్ష చిన్న ఆసుపత్రిలో కూడా చేయొచ్చు. చిన్న గాజు గొట్టంలో 7, 8 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక చుక్క గాఢ ఎసిటిక్ ఆమ్లం కలిపి, పైన పొట్ట నీటి చుక్క వేస్తారు. చుక్క కరిగి కలిసిపోతే నెగటివ్. జెల్లీలా గట్టిపడి పైనే ఉండిపోయినా, ఆకారం చెదరకుండా మెల్లగా కిందికి దిగినా పాజిటివ్. నెగటివ్ వస్తే ఎఫ్‌ఐపీ దాదాపు కాదనుకోవచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఖాయం కాదు, పొట్టలో చీము ఉన్నా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా ఇలాగే వస్తుంది. అందుకే ఆ నీటినే వైరస్‌ని వెతికే పీసీఆర్ పరీక్షకి పంపుతారు. గర్భసంచి తీయని ఆడపిల్లి అయితే గర్భసంచిలో చీము లేదని స్కానింగ్‌లో చూపించుకోవాలి. పీసీఆర్ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. పిల్లి పడిపోయి ఉంటే అంతవరకూ ఆగకుండా చాలామంది డాక్టర్లు మందు మొదలుపెడతారు, అదే సబబు కూడా.

మందు ఎలా నడుస్తుంది?

అసలు మందు జీఎస్-441524. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం 2019లో 31 పిల్లుల మీద చేసిన అధ్యయనంతో దీని పేరు బయటికొచ్చింది. కోవిడ్ రోజుల్లో మనమంతా విన్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక ఇదే మందుగా మారుతుంది. నోటితో తినలేని, పడిపోయిన పిల్లికి మొదటి రోజుల్లో రెమ్‌డెసివిర్ నరానికి ఎక్కించి, తినడం మొదలయ్యాక జీఎస్ మాత్రలకు మార్చడం ఒక పద్ధతి. ఈ ఇంజెక్షన్‌ని 2020 నుంచి హైదరాబాద్ హెటెరో, సిప్లా లాంటి మన కంపెనీలే తయారు చేశాయి. జీఎస్ మాత్ర మాత్రం మామూలు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేది కాదు. ఎఫ్‌ఐపీ కేసులు చూసిన పశువైద్యుడి ద్వారా తెప్పించుకోవాలి. ముక్కూ ముఖం తెలియనివాళ్ల దగ్గర లేబుల్ లేని సీసాలు కొంటే లోపల ఎన్ని మిల్లీగ్రాములుందో ఎవరికీ తెలియదు.

డోసు బరువును బట్టి ఉంటుంది. కన్ను, మెదడు తగలకపోతే ఇప్పుడు ఎక్కువగా రోజుకి కిలోకి 15 మిల్లీగ్రాములు, మెదడు తగిలితే 20 దాకా, రెండు పూటలుగా ఇస్తారు. మూడు కిలోల పిల్లికి 45 మిల్లీగ్రాములు. అది కోలుకుని నాలుగు కిలోలైతే 60 కావాలి, పాత 45తోనే నడిపిస్తే వైరస్‌కి వీలిచ్చినట్టే. అందుకే వారానికోసారి తూకం తప్పనిసరి. మనిషి నిలబడే మిషన్ మీద వందల గ్రాముల తేడా తెలియదు. పిల్లిని సంచీలో పెట్టి వీధి చివర కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి, సంచీ బరువు తీసేయండి. మాత్ర ఖాళీ కడుపుతో గానీ చిటికెడు తిండితో గానీ వేసి, అరగంట ఆగి అన్నం పెట్టండి. రోజూ ఒకే వేళకి.

ఎన్నాళ్లు? మొదట్నుంచీ వస్తున్న లెక్క 84 రోజులు. నీరు చేరిన రకంలో త్వరగా కోలుకున్నవాటికి 42 రోజులు సరిపోయాయని 2024లో జర్మనీ అధ్యయనం ఒకటి చూపింది. ఎన్నాళ్లన్నది డాక్టర్ రక్తపరీక్ష చూసి తేల్చాలి, పిల్లి గెంతుతోంది కదా అని మనం కాదు. ఖర్చు సంగతి మొహమాటపడకుండా మొదటి రోజే మాట్లాడుకోండి. మధ్యలో డబ్బు అయిపోయి ఆపేస్తే తిరగబెడుతుంది, అప్పుడు ఇంకా పెద్ద డోసు కావాలి.

ఇంట్లో వేయకూడనివి

డోలో, క్రోసిన్ లాంటి పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. జ్వరం కదా అని అర ముక్క కూడా వద్దు. పసిరికలకి పసరు మందు అలవాటు మన దగ్గర బలంగా ఉంది. పిల్లికి పసిరికలు వస్తున్నది ఈ వైరస్ వల్ల, పసరు పోస్తే ఉన్న లివర్ కూడా దెబ్బతింటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే రెండు రోజులు హుషారుగా కనిపిస్తుంది, జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప యాంటీవైరల్‌తో పాటు అడగొద్దు.

తిండి విషయంలో మాత్రం పట్టుదల కావాలి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి లివర్‌లో కొవ్వు పేరుకుపోతుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, ముళ్లు తీసిన చేప మెత్తగా నలిపి, గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పెట్టండి. ఎండు చేప వాసనకి లేచి వస్తుంది గానీ అందులో ఉప్పు ఎక్కువ. మగతగా ఉన్న పిల్లికి సిరంజితో నోట్లోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటప్పుడు ముక్కు గొట్టం ద్వారా పెట్టమని ఆసుపత్రిలో అడగండి.

మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

రెండు నుంచి ఐదు రోజుల్లో జ్వరం దిగాలి, గిన్నె దగ్గరికి తనంతట తాను రావాలి. పొట్ట నీరు ఒకటి రెండు వారాల్లో ఇంకిపోతుంది. ఐదో రోజుకీ మార్పు లేకపోతే డోసు చాలట్లేదా, మందు నాణ్యత లేదా, అసలు జబ్బే వేరా అని డాక్టర్‌తో మళ్లీ మాట్లాడాలి. రక్తపరీక్ష రెండో వారంలో, మధ్యలో, చివర్లో చేయిస్తారు.

కోర్సు అయ్యాక ఇంకో మూడు నెలలు కళ్లు, నడక, బరువు చూస్తూ ఉండండి. తిరగబెట్టేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. ఆపరేషన్, దూర ప్రయాణం, ఇంట్లోకి కొత్త పిల్లి, ఇవన్నీ ఆ తర్వాతే. ఇంట్లో ఉన్న మిగతా పిల్లుల్ని ఇప్పుడు వేరుచేసి లాభం లేదు, మామూలు కరోనా వైరస్ వాటికి ఎప్పుడో తగిలే ఉంటుంది. మలం ట్రేలు మాత్రం పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ పెట్టి, తిండి గిన్నెలకి దూరంగా ఉంచి, రోజూ శుభ్రం చేయండి. ఎండిన మలంలో ఈ వైరస్ వారాల తరబడి బతుకుతుంది.