మైనస్ చలిలో పరుగుకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

ముందు ఒక భయం వదిలేయండి, ఊపిరితిత్తులు గడ్డకట్టవు. ముక్కు, గొంతు, శ్వాసనాళాలు కలిసి లోపలికి వెళ్లే గాలిని దాదాపు 37 డిగ్రీలకు వేడిచేసి, తేమ కూడా పట్టించి పంపుతాయి. అసలు చిక్కు బయటి చల్లగాలి పొడిగా ఉండటం. ఆయాసపడి నోటితో గబగబా పీలిస్తే శ్వాసనాళాల లోపలి పొర తడారిపోయి, నాళాలు బిగుసుకుంటాయి, పరుగు ఆపాక వచ్చే ఆ పొడి దగ్గు దానివల్లే.

– ముక్కు, నోరు కప్పేలా పల్చటి మఫ్లర్ కట్టుకోండి. వదిలిన ఊపిరిలోని వేడి, తేమ అందులో నిలిచి, తర్వాతి శ్వాసకు పనికొస్తాయి. కాసేపటికి అది తడిసి, అంచున మంచు పేరుకుని అట్టలా తయారవుతుంది కాబట్టి జేబులో ఇంకోటి ఉండాలి.

– ఇంట్లోనే పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. బద్ధకమనిపించినా దీన్ని మాత్రం మానొద్దు.

– ఆస్తమా ఉంటే డాక్టర్ చెప్పిన ఇన్‌హేలర్ బయల్దేరే ముందే వాడి, లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. డబ్బా చల్లబడితే మందు సరిగా రాదు.

– గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు.

– జలుబు, దగ్గు ఉంటే ఇవాళ్టికి మానేయండి.

– మైనస్ 20 దాటితే అంతర్జాతీయ క్రాస్‌కంట్రీ స్కీ పోటీలే ఆపేస్తారు, మనకెందుకండీ పంతం!

– పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, మాట పూర్తికాక ముందే ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి వెచ్చని చోటుకి వెళ్లండి, తగ్గకపోతే ఆసుపత్రికే.